వరదల పాఠంలో పదికి పది, నీళ్ళొస్తే ఎటు వెళ్తారంటే మాత్రం దిక్కులు చూస్తున్నారు

చాక్‌పీస్_మాస్టారు
తొమ్మిది, పది తరగతులకు సోషల్ చెబుతాను. మొన్న విపత్తుల పాఠం అయ్యాక పిల్లలకు రెండు కాగితాలు ఇచ్చాను. మొదటిదాంట్లో మామూలు ప్రశ్నలే: వరదలు ఎందుకొస్తాయి, నష్టాలేంటి, నివారణ ఏంటి. అడవుల నరికివేత, చెరువుల పూడిక, కాలవల్లో ప్లాస్టిక్, వాతావరణ మార్పు, అన్నీ వరసగా రాసేశారు.

రెండో కాగితంలో నాలుగే అడిగాను. మీ ఇల్లున్న చోటు పల్లమా, మెరకా? కరెంటు మెయిన్ ఎక్కడుంది? నీళ్ళు ఇంట్లోకి వస్తే ఎక్కడికి వెళ్తారు? ఫోన్లు పనిచేయకపోతే ఇంట్లోవాళ్ళను ఎక్కడ కలుస్తారు? సగం మంది మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయారు. మూడోదానికి ఎక్కువ మంది రాసిన జవాబు "సురక్షిత ప్రాంతానికి వెళ్తాము". అదెక్కడుంది బాబూ అంటే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

వీళ్ళకి తెలియదని అనలేను. తెలిసినదంతా మార్కులకు పనికొచ్చేలా ఉంది, కాళ్ళకు పనికొచ్చేలా లేదు. మీ బడుల్లో, కాలేజీల్లో ఎవరైనా దీన్ని సరిగ్గా నేర్పుతున్నారా? ఎలా నేర్పుతున్నారు?

మూడో_బెంచి
సార్, ఆ రెండో కాగితం పబ్లిక్ పరీక్షలో వస్తుందా? వస్తుందంటే ఈ రాత్రికే చదివేస్తాం.

గోడమీద_పిల్లి
అదే కాగితం మీ స్టాఫ్ రూములో కూడా పంచి చూడండి మాస్టారూ.

చాక్‌పీస్_మాస్టారు
@గోడమీద_పిల్లి పంచాను. ఫలితం ఇక్కడ రాస్తే రేపు బడికి వెళ్ళలేను.

హాస్టల్_పక్షి
ఇంజనీరింగ్ మూడో ఏడు. ఇది చదువుతుంటే మా హాస్టల్ సంగతి గుర్తొచ్చింది. పోయినసారి పెద్ద వాన పడ్డ రాత్రి హెచ్చరిక మెసేజ్ మా అందరి ఫోన్లకూ వచ్చింది, ఫోన్ గట్టిగా అరిచింది కూడా. అందరం పక్కకి తోసేసి మళ్ళీ గేమ్‌లో పడ్డాం. అర్ధరాత్రి దాటాక కింద సెల్లార్‌లోకి నీళ్ళు రావడం మొదలైంది. అప్పుడేం చేశారో చెప్పనా? కొంతమంది వీడియోలు తీశారు. కొంతమంది బైకులు పైకి తెద్దామని సెల్లార్‌లోకి దిగారు. మేడ మీదికి పోదామంటే పై గేటుకి తాళం. తాళంచెవి వార్డెన్ దగ్గర, వార్డెన్ ఇంటి దగ్గర.

ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రోజు అదృష్టం బాగుంది, అంతే. అందులో సగం మంది సివిల్ వాళ్ళే, వరద ప్రవాహాల మీద ఒక పేపరు పాసైనవాళ్ళు.

కాంక్రీటు_కబుర్లు
@హాస్టల్_పక్షి బైకుల కోసం సెల్లార్‌లోకి దిగడం అనేది వరదల్లో చేయగలిగిన అతి చెత్త పని. లెక్క చెబుతా, మీ సివిల్ వాళ్ళకి వినిపించండి. మీటరు వెడల్పు తలుపు అనుకోండి. దాని అవతల అరమీటరు ఎత్తు నీళ్ళు నిలిస్తే తలుపు మీద పడే ఒత్తిడి 125 కిలోల బరువుతో సమానం. అదే మీటరు ఎత్తుకి చేరితే 500 కిలోలు. లోతు రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది. లోపల ఉన్నవాడికి "ఇంకా మోకాలి దాకానే కదా" అనిపించే నిమిషానికి, తలుపు తెరవలేని నిమిషానికి మధ్య పెద్ద తేడా ఉండదు. పైగా సెల్లార్‌లోనే కరెంటు ప్యానెళ్ళు ఉంటాయి.

పారే నీటి సంగతి ఇంకా దారుణం. వేగంగా పారుతుంటే 15 సెంటీమీటర్ల నీళ్ళు చాలు పెద్ద మనిషి కాళ్ళు తప్పించడానికి. 30 సెంటీమీటర్లకి చిన్న కార్లు తేలతాయి. 60 సెంటీమీటర్లకి పెద్ద కార్లు కూడా కొట్టుకుపోతాయి. నీరు 30 సెంటీమీటర్లు ఎక్కిన ప్రతిసారీ కారుని దాదాపు 680 కిలోల బలంతో పైకి లేపుతుంది. ఇంకో 30 ఎక్కితే కారు మొత్తం బరువు తేలిపోయినట్టే.

మూడో_బెంచి
ఆర్కిమెడిస్ సూత్రం సార్ ఇది! ఫిజిక్స్‌లో ఉంది. దీనికీ వరదకీ సంబంధం ఉందని ఎవ్వరూ చెప్పలేదు. మాకు చెప్పిందల్లా ఓడలు, కిరీటం.

కాంక్రీటు_కబుర్లు
@మూడో_బెంచి అదీ సంగతి. ఓడ ఎందుకు తేలుతుందో తెలుసు, నాన్న కారు ఎందుకు తేలుతుందో తెలియదు.

లెక్కల_టీచరమ్మ
ఇంకో గొడవ ఉంది. "వందేళ్ళ వరద" అని పేపర్లో చదివి పిల్లలు (వాళ్ళ నాన్నలు కూడా) ఏమనుకుంటారంటే, ఒకసారి వచ్చేసింది కదా, ఇంక వందేళ్ళ దాకా రాదని. దాని అర్థం ఏ ఏడాదైనా అంత వరద వచ్చే అవకాశం 1 శాతం అని మాత్రమే. పోయినేడు వచ్చిందని ఈ ఏడు తగ్గదు. సంభావ్యత పాఠంలో నేను ఇదే ఉదాహరణగా చెబుతాను. ఒక ఇంట్లో 30 ఏళ్ళు ఉంటే ఒక్కసారైనా అలాంటి వరద చూసే అవకాశం 26 శాతం. 70 ఏళ్ళు బతికితే సగానికి పైనే. పిల్లల చేత 0.99ని 30 సార్లు హెచ్చింపజేసి, వచ్చినదాన్ని 1లోంచి తీసేయమంటే వాళ్ళే కనుక్కుంటారు. నాణేలు, పాచికలు ఎన్నాళ్ళని ఎగరేస్తాం?

ఇద్దరు_పిల్లల_అమ్మ
అందరూ భలే ఉత్సాహంగా ఉన్నారు కానీ, నాదొక మాట. మా చిన్నదానికి ఏడేళ్ళు. బడిలో అవగాహన కార్యక్రమం అని కొట్టుకుపోతున్న ఇళ్ళ వీడియోలు చూపించారు. అప్పట్నించీ మేఘం పడితే చాలు, ఏడుపు. బాత్రూంకి ఒక్కతే వెళ్ళదు. పిల్లలకి ఇంత టెన్షన్ పెట్టి ఏం సాధిస్తున్నారు? పెద్దవాళ్ళం మేం లేమా చూసుకోవడానికి?

నైట్‌డ్యూటీ_నర్సు
@ఇద్దరు_పిల్లల_అమ్మ ఆ వీడియోలు చూపించడం తప్పే అక్కా, నేనూ ఒప్పుకోను. కానీ భయపెట్టి వదిలేయడం వేరు, ఏం చేయాలో చెప్పడం వేరు. "వాన ఎక్కువైతే మనం పై అంతస్తులో ఫలానా ఆంటీ ఇంటికి వెళ్తాం, నీ బ్యాగులో టార్చి ఉంటుంది, అది నీ డ్యూటీ" అని చెప్పి చూడండి. పిల్లలకి పని అప్పజెబితే భయం దిగుతుంది. మా వార్డులో రోజూ చూస్తుంటాను, ఇంజక్షన్ ముందు దూది పట్టుకోమంటే ఏడుపు సగం తగ్గుతుంది.

గోడమీద_పిల్లి
"పెద్దవాళ్ళం మేం లేమా" అన్నారు. వరద బడి టైములో వస్తే మీరుండరు కదండీ.

ఇద్దరు_పిల్లల_అమ్మ
బడిలో టీచర్లుంటారు.

గోడమీద_పిల్లి
టీచర్ల కాగితం సంగతి మాస్టారు పైనే చెప్పారు :)

దూకేసినోడు
నన్నడిగితే ఇదంతా అనవసరపు హడావుడి. ప్రతి పిల్లాడికీ ఈత నేర్పించండి, అయిపోతుంది. నాకు ఈత వచ్చు, ఏ నీళ్ళకీ భయపడను.

కాంక్రీటు_కబుర్లు
@దూకేసినోడు వరద నీళ్ళు స్విమ్మింగ్ పూల్ కాదు తమ్ముడూ. అందులో దుంగలు, ఇనప రేకులు, మూత లేని మ్యాన్‌హోళ్ళు, తెగిన కరెంటు తీగలు ఉంటాయి. నీళ్ళు బురద రంగు, కింద ఏముందో కనపడదు. ఏ నీళ్ళకీ భయపడనన్నావే, అలాంటివాడే ముందు దిగుతాడు.

రేడియో_బాబాయి
ఈత వద్దనకండి గానీ, ఎలాంటి ఈత అన్నది చూడాలి. నెదర్లాండ్స్‌లో పిల్లలకు ఈత సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు బట్టలు, బూట్లు వేసుకుని ఈదమంటారు. పొరపాటున కాలవలో పడితే ఎవరూ ఈత దుస్తుల్లో పడరు కదా. 1953 సముద్రపు వరదలో ఆ దేశంలో 1,836 మంది పోయారు. నీళ్ళంటే ఏంటో తెలిసినవాళ్ళు.

ఇంకొకటి. 2004 డిసెంబరు 26, థాయిలాండ్ ఫుకెట్‌లో మైఖావో బీచ్. టిల్లీ స్మిత్ అని పదేళ్ళ ఇంగ్లీషు పిల్ల. సముద్రం నురగలు కక్కుతూ వింతగా ఉండటం చూసి, రెండు వారాల కిందట జాగ్రఫీ క్లాసులో చెప్పిన సునామీ గుర్తులు ఇవేనని పసిగట్టింది. తల్లిదండ్రుల వెంటపడి గోల చేసింది. వాళ్ళ నాన్న వెళ్ళి సిబ్బందికి చెప్పాడు, బీచ్ ఖాళీ చేయించారు. సుమారు 100 మంది బతికారు. పాఠం పనికిరాదని ఎవరన్నారు?

చాక్‌పీస్_మాస్టారు
@రేడియో_బాబాయి బాబాయ్ గారూ, ఆ కథ క్లాసులో నేనూ చెబుతాను. అయితే అక్కడ ఆ పిల్లకి చెప్పింది కారణాల జాబితా కాదు, కంటికి ఏం కనిపిస్తుంది అని. నురగ కనిపిస్తే సునామీ. మా పుస్తకంలో వరద రాబోతున్నప్పుడు ఏం కనిపిస్తుందో, ఏం వినిపిస్తుందో ఒక్క వాక్యం లేదు.

కాంక్రీటు_కబుర్లు
@చాక్‌పీస్_మాస్టారు అయితే ఇవి చేర్చండి: తేటగా పారే వాగు ఉన్నట్టుండి బురద రంగుకి మారడం, కొమ్మలూ ఆకులూ కొట్టుకురావడం, ఎగువ నుంచి హోరు వినపడటం. మనమున్న చోట వాన లేకపోయినా సరే, ఎగువన కురిస్తే చాలు. ఆకస్మిక వరద అంటే వాన మొదలైన ఆరు గంటల్లోపే వచ్చేది, ఒక్కోసారి నిమిషాల్లోనే. పిక్నిక్‌లకు వెళ్ళి వాగు మధ్య బండరాళ్ళ మీద ఫొటోలు దిగే కాలేజీ బ్యాచ్‌లకు ఇదే ముందు చెప్పాలి.

మ్యాపుల_పిచ్చి
టిల్లీ స్మిత్ కథలో నాకు నచ్చేది వేరు. వాళ్ళ నాన్న ఆ పిల్ల మాట విన్నాడు. అసలు చిక్కు అక్కడే ఉందని నా అనుమానం. జపాన్‌లో 2011 మార్చి 11 నాటి రెండు బళ్ళ కథ చూడండి. సునామీయే, అయినా నీళ్ళు నీళ్ళే.

ఒకటి కమైషి అనే ఊళ్ళో. గున్మా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ తోషితక కతాడ అక్కడి పిల్లలకు కొన్నేళ్ళపాటు మూడు సంగతులు నేర్పాడు. ముందుగా వేసుకున్న అంచనాలను నమ్మొద్దు. ఆ సమయానికి చేయగలిగినంత చేయండి. అందరికంటే ముందు మీరు పరుగెత్తండి, మిమ్మల్ని చూసి మిగతావాళ్ళు కదులుతారు. భూకంపం రాగానే జూనియర్ హైస్కూలు పిల్లలు ఎవరి అనుమతికీ ఆగకుండా బయల్దేరారు. వాళ్ళను చూసి పక్కనున్న చిన్న బడి పిల్లలూ బయటికొచ్చారు. పెద్దపిల్లలు చిన్నపిల్లల చేతులు పట్టుకుని పరుగెత్తారు. మొదట ఆగిన చోటు చాలదనిపించి ఇంకా పైకి వెళ్ళారు. ఇంకో మాట, అధికారిక ముంపు పటం ప్రకారం ఆ బళ్ళు ముంపు ప్రాంతంలోనే లేవు! పటాన్ని నమ్ముకుని ఉంటే పోయేవాళ్ళు. ఆ ఊళ్ళో దాదాపు 3,000 మంది బడిపిల్లలు బతికారు.

రెండోది ఇషినొమాకిలోని ఒకావా ప్రాథమిక బడి. భూకంపం తర్వాత పిల్లల్ని ఆటస్థలంలో నిలబెట్టి, ఎక్కడికి తీసుకెళ్ళాలో తేల్చుకోలేక సుమారు 50 నిమిషాలు గడిపారు. బడి వెనకే కొండ ఉంది. కొండెక్కుదామని కొందరు పిల్లలు అడిగారని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు. చివరికి నది వంతెన వైపు నడిపించారు. 108 మంది పిల్లల్లో 74 మంది, 10 మంది టీచర్లు పోయారు. ఆ బడికి విపత్తు ప్రణాళిక లేక కాదు, ఉంది. ఖాళీ స్థలానికో పార్కుకో తరలించాలని అందులో రాసుకున్నారు. ఏ స్థలం, ఏ పార్కు అన్నది రాయలేదు.

మాస్టారి పిల్లలు రాసిన "సురక్షిత ప్రాంతానికి వెళ్తాము" చదవగానే నాకు ఒళ్ళు జలదరించింది, అందుకే ఇంత రాశాను.

లెక్కల_టీచరమ్మ
ఒకావా కేసు కోర్టు దాకా వెళ్ళింది కదూ?

మ్యాపుల_పిచ్చి
@లెక్కల_టీచరమ్మ వెళ్ళింది. ముందస్తు ఏర్పాట్లు సరిగ్గా చేయకపోవడం బడి, విద్యాశాఖల నిర్లక్ష్యమేనని సెందాయ్ హైకోర్టు 2018లో తీర్పిచ్చింది. 2019లో జపాన్ సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. ఆ రోజు ఏం చేశారన్నదే కాదు, అంతకుముందు ఏం చేయలేదన్నది కూడా లెక్కలోకి వచ్చింది.

ఇద్దరు_పిల్లల_అమ్మ
ఇది చదివాక రాత్రంతా నిద్ర పట్టలేదు. టీచర్లుంటారని పైన అన్నాను, ఆ టీచర్లూ పోయారు. అయినా ఒకటి అడుగుతాను. పిల్లలు ఎవరికి తోచినట్టు వాళ్ళు పరుగెత్తితే తొక్కిసలాట కాదా? ప్రతి వానకీ పిల్లలు బడి వదిలి పరుగెడితే?

రేడియో_బాబాయి
నేను అమ్మ గారి పక్షమే. కమైషి పిల్లలకు ఏళ్ళ తరబడి సాధన ఉంది, దారి తెలుసు. సాధన లేని చోట "మీకు తోచినట్టు చేయండి" అంటే గందరగోళమే. పైగా నది వరదకి చాలాసార్లు పరుగు అక్కర్లేదు. గట్టి భవనమైతే పై అంతస్తుకి ఎక్కి కూర్చోవడం, నీళ్ళలోకి దిగి బయటికి పోవడం కంటే ఎంతో మేలు.

మ్యాపుల_పిచ్చి
@రేడియో_బాబాయి పై అంతస్తు సంగతి ఒప్పుకుంటాను. భవనం గట్టిదా కాదా, పైకి దారి తెరిచి ఉందా అన్నది మాత్రం ముందే తేలాలి. హాస్టల్ తాళం కథ మర్చిపోయారా?

హాస్టల్_పక్షి
ఆ తాళం ఇప్పటికీ వార్డెన్ దగ్గరే ఉంది. అడిగితే "మీరు పైకెక్కి సిగరెట్లు కాలుస్తారు" అంటాడు. అదీ నిజమే, అందుకే గట్టిగా వాదించలేకపోతున్నాం.

కాంక్రీటు_కబుర్లు
@హాస్టల్_పక్షి గాజు పెట్టెలో ఒక తాళంచెవి. పగలగొడితే అలారం మోగుతుంది. సిగరెట్టు కోసం ఎవడూ పగలగొట్టడు. లిఖితపూర్వకంగా అడగండి, జవాబు కూడా లిఖితపూర్వకంగానే కావాలనండి.

చక్రాల_కుర్చీ
ఇంటర్ చదువుతున్నాను. చాలాసేపటినుంచి చదువుతున్నా, రాయాలా వద్దా అనుకుంటూ. "ఎక్కండి, పరుగెత్తండి" అని అందరూ అంటున్నారు. మా కాలేజీలో డ్రిల్ ఉన్న రోజు నన్ను క్లాసులోనే కూర్చోమంటారు. "నువ్వెందుకమ్మా కష్టపడటం, వీళ్ళొచ్చేస్తారు పది నిమిషాల్లో" అని. ఫ్యాను ఆపేసి మరీ వెళ్తారు. కాబట్టి డ్రిల్‌లో నేను నేర్చుకున్నది ఏంటంటే, నిజంగా నీళ్ళొచ్చిన రోజు కూడా నేను ఇక్కడే ఉంటాను.

నా ఫ్రెండ్స్‌కి నన్ను ఎత్తడం రాదు. వాళ్ళది మంచి మనసే, ప్రయత్నిస్తారు కూడా. కానీ కుర్చీ ఎక్కడ పట్టుకుంటే ఊడిపోదో, మెట్ల మీద నన్ను ఎటు తిప్పి ఉంచాలో ఎవరికీ తెలియదు. అరగంట సాధన చేస్తే వచ్చే పని అది. చూపు లేనివాళ్ళు, వినపడనివాళ్ళు కూడా ఉన్నారు మా కాలేజీలో. సైరన్ మోగితే వినపడని అబ్బాయికి ఎవరు చెబుతారు? మీ రెండో కాగితంలో ఐదో ప్రశ్న చేర్చండి మాస్టారూ: నీ పక్కన ఎవరు రాలేరు?

చాక్‌పీస్_మాస్టారు
@చక్రాల_కుర్చీ చేరుస్తానమ్మా. తప్పకుండా.

మూడో_బెంచి
మా క్లాసులో ఒకడికి కాలు సరిగ్గా లేదు. డ్రిల్‌లో వాడికి విజిల్ ఊదే పని ఇస్తారు, గౌరవంగా ఉంటుందని. ఇప్పటిదాకా మంచి ఐడియా అనుకున్నా.

నైట్‌డ్యూటీ_నర్సు
నీళ్ళు తీశాక సంగతి ఎవరూ ఎత్తలేదు. కాలేజీ పిల్లలు సాయం చేద్దామని ఉత్సాహంగా బురద ఎత్తడానికి వస్తారు, చెప్పుల్లేకుండా. లెప్టోస్పైరోసిస్ అని ఒక జబ్బుంది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళు చిన్న గీరుడు లోంచి లోపలికి పోతే చాలు. జ్వరం వెంటనే రాదు, ఎక్కువగా వారం, రెండు వారాల తర్వాత వస్తుంది. అప్పటికి వరద నీళ్ళలో దిగిన సంగతి డాక్టరుకి చెప్పాలని ఎవరికీ తోచదు. బూట్లు, గ్లౌజులు లేకుండా దిగొద్దు. జ్వరమొస్తే "వరద నీళ్ళలో పనిచేశాను" అన్నది మొదటి మాటగా చెప్పండి.

తాగే నీళ్ళు బాగా తెర్లేదాకా కాచి, ఆ తర్వాత ఒక నిమిషం ఉంచితే క్రిములు చస్తాయి. పెట్రోలు, పురుగుమందుల వంటివి కలిసిన నీళ్ళకి కాచినా లాభం లేదు. పాములు ఇంట్లోకి వస్తాయి, బట్టల మూటల్లో చేయి పెట్టకండి. ఇంట్లో నీళ్ళు నిలిచి ఉండగా తడి కాళ్ళతో మెయిన్ ఆపబోవద్దు. అది నీళ్ళు రాకముందు చేసే పని.

ఆడపిల్లల బ్యాగులో ప్యాడ్లు ఉండాలని ఒక్క అవగాహన పోస్టర్‌లో కూడా చూడలేదు నేను. పునరావాస కేంద్రంలో మొదటి రాత్రి ఎక్కువ మంది అమ్మాయిలు అడిగేది అదే, అదీ చెవిలో.

దూకేసినోడు
ఫోన్ సంగతి నేను చెబుతా, ఈతకి తిట్టారు కాబట్టి. నెట్‌వర్క్ జామ్ అయితే కాల్ వెళ్ళదు గానీ మామూలు ఎస్‌ఎమ్‌ఎస్ చాలాసార్లు వెళ్తుంది. వేరే ఊళ్ళో ఉన్న ఒక చుట్టం నంబరు ఇంట్లో అందరూ కంఠస్తం చేయాలి. ఎవరికి వీలైతే వాళ్ళు ఆయనకి మెసేజ్ పెడితే కబుర్లన్నీ అక్కడ చేరతాయి. ఇది నా ఆలోచనే, బాగుంది కదా?

గోడమీద_పిల్లి
నీ ఆలోచన కాదు, చాలా దేశాల్లో పాత పద్ధతే. బాగుంది మాత్రం. ఈతకి వేసిన మైనస్ వెనక్కి తీసుకుంటున్నాం.

లెక్కల_టీచరమ్మ
కంఠస్తం అన్నది గట్టిగా పట్టుకోండి. మా క్లాసులో అమ్మ ఫోన్ నంబరు నోటికి వచ్చినవాళ్ళు చాలా తక్కువ. అందరి జ్ఞాపకశక్తీ ఫోన్‌లోనే, ఆ ఫోన్ నీళ్ళలో.

చాక్‌పీస్_మాస్టారు
సరే, నేనేం చేయబోతున్నానో చెబుతాను, లోపాలు ఎంచండి. వచ్చే శనివారం పిల్లల్ని బడి చుట్టూ నడిపిస్తాను. వాన నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో ఊడ్చే ఆయమ్మకీ వాచ్‌మన్‌కీ బాగా తెలుసు, ఆ రోజుకి వాళ్ళే టీచర్లు. పటం పిల్లలే గీస్తారు. ప్రతి క్లాసుకీ పైకి దారి, ఎవరు ఎవర్ని తీసుకెళ్తారన్నది పేర్లతో రాస్తాం. తర్వాత చెప్పకుండా ఒకరోజు డ్రిల్, ఒక మెట్లదారి మూసేసి. హెడ్‌మాస్టారిని ఒప్పించాలి, అది నా తిప్పలు.

మ్యాపుల_పిచ్చి
మెట్లదారి మూసేయడం భలే. పెద్దపిల్లలకి చిన్న క్లాసుల బాధ్యత కూడా ఇవ్వండి, కమైషి లాగా. ఇంకోటి, హెడ్‌మాస్టారు లేని రోజు "పైకి పదండి" అనే హక్కు ఎవరిదో ముందే రాసిపెట్టండి. ఒకావాలో ఆ రోజు ప్రధానోపాధ్యాయుడు బడిలో లేడు.

ఇద్దరు_పిల్లల_అమ్మ
చెప్పకుండా డ్రిల్ చిన్న క్లాసులకి వద్దండీ. వాళ్ళకి ముందే చెప్పండి. తల్లిదండ్రులకీ ఒక కాగితం పంపండి, లేకపోతే మేమంతా వానలో బడి గేటు దగ్గరికి బళ్ళేసుకొచ్చి మీ దారే మూసేస్తాం.

చాక్‌పీస్_మాస్టారు
@ఇద్దరు_పిల్లల_అమ్మ రెండూ రాసుకున్నాను. గేటు సంగతి నాకసలు తట్టలేదు.
@చక్రాల_కుర్చీ మెట్ల మీద కుర్చీ ఎలా పట్టుకోవాలో రాసి ఉన్నది ఏమైనా ఉంటే పంపగలవా?

చక్రాల_కుర్చీ
నాకు ఫిజియోథెరపీ మేడం బొమ్మలతో ఇచ్చిన కాగితం ఉంది, మెసేజ్‌లో పెట్టాను. అది నా కుర్చీకి సరిపోయేలా ఇచ్చింది సార్. మీ బడిలో ఎవరికి కావాలో, ముందు వాళ్ళనే అడగండి ఎక్కడ పట్టుకోవాలో.